కోనసీమ మంచులో ఒంటరి రాత్రికి చిన్న టెంట్: కొనడం నుంచి ఆరబెట్టడం దాకా

టెంట్ కొనాలనుకునే ప్రతివాళ్ళూ ముందు అడిగేది ఒకటే: "వానకి ఆగుతుందా?" మంచి ప్రశ్నే. కానీ గోదావరి డెల్టాలో వీపున సంచీ వేసుకుని తిరగడానికి వీలైన కాలం డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. ఆ రోజుల్లో వాన అరుదు. పడేది మంచు. అందుకే ఇక్కడ టెంట్ ఎంచుకునేవాళ్ళు ముందు మంచు గురించి అడగాలి, వాన సంగతి ఆ తర్వాత.

ఇది నాకు ఒక రాత్రి తడిసి తెలిసింది. నా మొదటి టెంట్ ఒకే పొర గుడ్డది. చాలా తేలిక, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. నరసాపురం రేవులో పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లి వైపు దిగి, అంతర్వేది దాటాక ఇసుకలో వేసుకున్నాను. ఆకాశం నిండా చుక్కలు, చినుకు ఊసే లేదు. తెల్లవారుజామున మూడున్నరకి మొహం మీద నీటిబొట్టు పడి మెలకువ వచ్చింది. టార్చి వేసి చూస్తే లోపలి గుడ్డంతా చెమట పట్టినట్టు నీళ్ళు. మోచెయ్యి తగిలిన చోటల్లా బొట్లు కలిసి ధారగా జారి దుప్పటి మీదకి దిగుతున్నాయి. గుడ్డ చిరగలేదు, కుట్టు ఊడలేదు. ఆ నీళ్ళలో కొంత సముద్రపు గాలిలోని తేమ, కొంత నా ఊపిరే.

జరిగేది ఇదీ. మబ్బు లేని రాత్రి టెంట్ గుడ్డ తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడిపోతుంది. డెల్టా గాలిలో తేమకి కొదవ లేదు. ఆ తేమ చల్లటి గుడ్డకి తగిలి నీరవుతుంది, పైనా లోపలా కూడా. దానికి తోడు మనిషి రాత్రంతా ఊపిరి రూపంలో, చెమట రూపంలో పావు లీటరుకి పైనే నీళ్ళు వదులుతాడు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కొనడం, వేయడం, దాచడం మూడూ తేలికవుతాయి.

కాలం, కబురు

నవంబరులో వెళ్ళకండి. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరితోటల్ని నేలమట్టం చేసిన తుపాను ఈ నెలదే. బంగాళాఖాతంలో అల్పపీడనం అనే మాట వినిపిస్తే డిసెంబరులోనైనా ఆగిపోండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా లంకల (గోదావరి పాయల మధ్య దీవుల) వైపు టెంట్ ఆలోచనే వద్దు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక రాకముందే కొన్ని లంకల కాజ్‌వేలు మునిగిపోతాయి, ఇక మీరు అటువైపు వాళ్ళే. మార్చి, ఏప్రిల్ రాత్రుల్లో వెళ్ళొచ్చు గానీ ఉక్క. ఆ రోజుల్లో సాయంత్రం పూట హఠాత్తుగా లేచే గాలివానని లెక్కలో పెట్టుకోండి.

కొనేటప్పుడు చూడాల్సినవి

మొదటిది, రెండు పొరలు. లోపల దోమతెరతో కుట్టిన గది, దాన్ని ఇన్నర్ అంటారు. పైన నీళ్ళు ఆపే గుడ్డ, దాన్ని ఫ్లై అంటారు. రెంటికీ మధ్య బెత్తెడు ఖాళీ ఉండాలి. ఎంత గాలి ఆడినా మన దగ్గర ఫ్లై తడవకుండా ఉండదు. రెండు పొరలుంటే ఆ తడి మీకు తగలదు, జారి పక్కల నుంచి నేల మీదకి పోతుంది. ఒక పొర టెంట్‌లు రెండు మూడు వందల గ్రాములు తేలికే. పొడి గాలి ఉండే ఎత్తు కొండల్లో వాటికి న్యాయం జరుగుతుంది. అంతర్వేది ఒడ్డున జరగదు.

ఇన్నర్‌లో దోమతెర భాగం ఎంత ఎక్కువుంటే అంత మంచిది. కొన్ని టెంట్‌లకి ఇన్నర్ కూడా ముప్పాతిక వంతు మూసిన గుడ్డే, మంచు కొండల కోసం చేసినవి. వాటిలో ఇక్కడ ఉడికిపోతారు. తెర కన్నం ఎంత సన్నమో కూడా చూడండి. మామూలు దోమతెర దోమని ఆపుతుంది, నుసుముల్ని ఆపదు. మడ అడవుల దగ్గర, బురద ఏటి ఒడ్డున సాయంత్రం పూట లేచే నుసుములు కుట్టాయంటే వారం రోజులు దురద. నల్ల తెరైతే లోపలి నుంచి బయటికి బాగా కనిపిస్తుంది.

రెండోది, తనంతట తాను నిలబడాలి. చాలామంది ఇది పట్టించుకోరు. ఇప్పుడు తేలిక టెంట్‌లలో ఎక్కువ పేరున్నవి నడక కర్రల మీద నిలబెట్టేవి. ఒక్క కర్ర మధ్యలో నిలబెట్టి చుట్టూ మేకులు కొట్టి బిగిస్తే టెంట్ అవుతుంది. ఎనిమిది వందల గ్రాముల లోపే వస్తాయి. కొండలెక్కేవాడి చేతిలో ఆ కర్ర ఎలాగూ ఉంటుంది కాబట్టి వాడికి లాభం. మన నేల పీట వేసినట్టు చదును. రావులపాలెం నుంచి అమలాపురం దాకా కాలువ గట్టు మీద నడిచేవాడికి నడక కర్రతో పనేముంది? టెంట్ కోసమే కర్ర మోస్తే మిగిలిన బరువు అక్కడికక్కడే పోయింది. పైగా అలాంటి టెంట్‌కి మేకే ప్రాణం. తీరం ఇసుకలో మేకు నిలవదు. ఒక్క మేకు లేచిందంటే టెంట్ మొత్తం మీ మీద పడుతుంది.

అల్యూమినియం కడ్డీలు రెండు అడ్డంగా దాటి నిలబడే రకం, లేదా వెన్నుపూసలా ఒక కడ్డీ వెళ్ళి చివర రెండుగా చీలే రకం తీసుకోండి. వీటితో ఇంకో సుఖం ఉంది. ఫ్లై తీసేసి ఇన్నర్ ఒక్కటే గచ్చు మీద నిలబెట్టొచ్చు. బడి వరండాలో, గుడి మండపంలో, రైతు పాకలో చోటిస్తే అంతకన్నా మంచి పడక డెల్టాలో లేదు: పైన కప్పు మంచుని ఆపుతుంది, తెర దోమల్ని ఆపుతుంది, మేకుతో పనే లేదు. నేను గడిపిన రాత్రుల్లో సగం ఇలాంటివే. వెన్నుపూస రకమైతే ఒక చివర రెండు మూలలు లాగి కట్టాల్సి ఉంటుంది. గచ్చు మీద ఆ మూలలకి ఇటుకలు పెట్టుకోవచ్చు.

నీళ్ళు ఆపే శక్తిని మిల్లీమీటర్లలో రాస్తారు. ఫ్లైకి 1500 ఉంటే మామూలు వానకి సరిపోతుంది. నేలగుడ్డకి 3000 దగ్గర ఉంటే మేలు, ఎందుకంటే మోకాలు, మోచెయ్యి ఆనిన చోట తడి నేలలోంచి నీరు పైకి ఒత్తుకొస్తుంది. గుడ్డ నైలాన్ అయితే గట్టిది, కానీ తడిస్తే సాగుతుంది, రాత్రి ఒకసారి లేచి తాళ్ళు బిగించాలి. పాలిస్టర్ అంతగా సాగదు. రాత్రిళ్ళు మంచు పడే మన డెల్టాకి నా ఓటు పాలిస్టర్‌కే.

పొడవు సంగతి మోసం చేస్తుంది. టెంట్ గోడలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి చిట్టా మీద రాసిన పొడవంతా మీది కాదు. మీ ఎత్తుకి కనీసం అడుగు కలిపి చూసుకోండి. అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషికి 210 సెంటీమీటర్లు ఉండాలి. లేకపోతే పాదాలు వెళ్ళి తడి గోడకి ఆనుతాయి, దుప్పటి చివర నానిపోతుంది. కూర్చుంటే తల తగలకుండా మీటరు దాకా ఎత్తు ఉంటే బాగుంటుంది.

బరువు గురించి ఒక్క మాట. ఒక మనిషి టెంట్, రెండు పొరలది, కిలో నుంచి కిలోన్నర మధ్య ఉంటే చాలు. అయితే చాలా చీటీల మీద రాసేది మేకులు, తాళ్ళు, సంచీ లేకుండా తూచిన బరువు. నేను కిలో అనుకుని తెచ్చుకున్నది మా వీధి కిరాణా కొట్టు కాటా మీద 1,380 గ్రాములు తూగింది. కొన్నాక మీరూ తూచుకోండి.

ముందు డాబా మీద

కొత్త టెంట్‌ని తిన్నగా సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళకండి. ఇంటి డాబా మీద పగలొకసారి, చీకట్లో ఒకసారి వేయండి. చీకట్లో, టార్చి నోట్లో పెట్టుకుని, పది నిమిషాల్లో వేయగలిగితే చాలు.

కడ్డీ ముక్కల్ని కలిపేటప్పుడు ప్రతి ముక్కా పూర్తిగా లోపలికి దిగిందో లేదో వేలితో తడిమి చూడండి. కాస్త బయటికున్నా వంచగానే ఆ అంచు చీలుతుంది. మడిచేటప్పుడు చివర నుంచి కాకుండా మధ్య నుంచి మడవండి, లోపలి రబ్బరు తాడు రెండు వైపులా సమానంగా సాగి ఎక్కువ కాలం ఉంటుంది.

తర్వాత ఫ్లై మీద బకెట్టు నీళ్ళు చిమ్మండి. లోపల కూర్చుని కుట్ల వెంట చూడండి. కుట్టు దగ్గర చెమ్మ కనిపిస్తే అక్కడ పూత వేసుకోవాలి. గుడ్డ సిలికాన్ పూతదైతే సిలికాన్ జిగురే పడుతుంది, ఇంకేదీ అంటదు. ఇది తెలియక మామూలు టేపు అంటించి, అది పొద్దునకల్లా ఊడిపోతే గుడ్డని తిట్టుకునేవాళ్ళని చూశాను.

చోటు ఎంచుకోవడం

ఇక్కడ తొందర పడకండి. మంచి చోట వేసిన మామూలు టెంట్ చెడ్డ చోట వేసిన ఖరీదైన టెంట్ కన్నా సుఖం. పొద్దు వాలడానికి గంటన్నర ముందే వెతకడం మొదలుపెట్టండి.

మొదట అడగండి. డెల్టాలో ఎవరిదీ కాని నేల దాదాపు లేదు. తోటైతే రైతుని, తీరమైతే దగ్గర్లోని మత్స్యకారుల పేటలో పెద్దవాళ్ళని. "ఏవండీ, ఈ రాత్రికి ఇక్కడ పడుకుని పొద్దున్నే వెళ్ళిపోతానండి" అంటే కాదన్నవాళ్ళు నాకు తగిలింది తక్కువ. చాలాసార్లు అన్నం తిన్నావా అని అడిగారు. ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి. తీరంలో పోలీసులు అడిగితే చూపించాలి. కోరింగ మడ అడవి మాత్రం 1978 నుంచి అభయారణ్యం, అందులో అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు.

కొబ్బరి చెట్టు కింద వేయకండి. కోనసీమలో నీడంటే కొబ్బరి నీడే కాబట్టి ఇది పాటించడం కష్టమే. ఒక తోటలో నేను రెండు చెట్ల మధ్య సంచీ దించుతుంటే రైతు ఆపాడు. "కొబ్బరికాయకి కళ్ళుంటాయి, మనిషి మీద పడదంటారు బాబూ. మట్టకి లేవు కదా!" అన్నాడు. నిజం, కాయకన్నా ఎండిన మట్టే ఎక్కువ రాలుతుంది. పన్నెండు, పదిహేను అడుగుల మట్ట అంత ఎత్తు నుంచి పడితే టెంట్ కడ్డీలూ ఆగవు, మనిషీ ఆగడు. తోటలో వేయాలంటే వరసల మధ్య ఖాళీ, అదీ మట్టలు రాలినా అందనంత దూరం చూసుకోండి.

అలాగని మరీ ఆరుబయటా మంచిది కాదు. పైన ఆకు కప్పు ఉంటే గుడ్డ వేడి ఆకాశంలోకి పోవడం తగ్గుతుంది, మంచూ తగ్గుతుంది. మామిడి చెట్టు కింద, సర్వితోట అంచున పడుకున్న రాత్రి ఫ్లై సగమే తడుస్తుంది. సర్వి ఆకు రాలి పరుపులా ఉంటుంది, పడుకోవడానికి అంత మెత్తటి నేల లేదు. అయితే అక్కడ పొయ్యి వెలిగించకండి, ఆ ఎండాకు నిప్పుకి ఎదురుచూస్తున్నట్టే అంటుకుంటుంది.

కోసేసిన వరిచేను ఖాళీగా, చదునుగా, రమ్మన్నట్టు కనిపిస్తుంది. వంగి చూడండి. డెల్టాలో సార్వా కోతకి ముందే చేలో మినుము చల్లుతారు. దుబ్బుల మధ్య రెండేసి ఆకుల మొలకలు కనిపిస్తే అది రైతు మూడు నెలల ఆదాయం. దాని మీద నడవను కూడా నడవకండి. మొలకలు లేకపోయినా కోసిన దుబ్బు మొన నేలగుడ్డలోకి దిగుతుంది.

ఇక నీటి గుర్తులు. ఏటి ఒడ్డున ఎండిన గుర్రపుడెక్క ఒక వరసగా పడి ఉంటుంది చూడండి, నీళ్ళు కిందటిసారి అక్కడిదాకా వచ్చి వెళ్ళాయని అర్థం. సముద్రం దగ్గరైతే నాచు, గవ్వలు, ప్లాస్టిక్ మూతలు కలిసిన చెత్త గీత. ఆ గీతకి పైన, ఇంకా నాలుగు అడుగులు ఎత్తున్న చోటే వేయండి. డెల్టా నేల వాలు చాలా తక్కువ కాబట్టి నీరు కాస్త లేచినా చాలా దూరం పాకుతుంది. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటలు. అంటే సాయంత్రం ఏడింటికి నీళ్ళు దూరంగా ఉన్నాయంటే అర్ధరాత్రి దాటాక దగ్గరకి వస్తాయి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఇంకా ఎక్కువ. ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర, గోదావరి పాయలు వశిష్ఠలోనైనా గౌతమిలోనైనా, ఇసుక తిప్పల మీద పడుకోకండి. ఎంత అందంగా ఉన్నా సరే.

ఎత్తు నేల అంటే ఇక్కడ కాలువ గట్టు, ఏటిగట్టు. ఆనకట్టతో పాటు వచ్చిన ఈ గట్లే డెల్టాలో మిట్టలు. వాటి మీద రాత్రిపూట కూడా మోటారు సైకిళ్ళు, ట్రాక్టర్లు తిరుగుతాయి కాబట్టి బండి జాడకి బాగా ఎడంగా ఉండండి. గట్ల బొరియల్లో పందికొక్కులుంటాయి, వాటి కోసం పాములొస్తాయి. కన్నం కనిపించిన చోట వేయకండి. రొయ్యల చెరువుల పక్కన పాములకన్నా ఏరేటర్ల మోత పెద్ద బాధ, తెల్లవార్లూ నిద్ర పట్టదు.

చోటు తేలాక అరచేత్తో నేలంతా ఒకసారి తుడవండి. కళ్ళతో చూస్తే చాలదు, అరచెయ్యే. పల్లేరుకాయ ఇసుక రంగులోనే ఉంటుంది. బఠాణీ గింజంత కాయ, ఎటు పడేసినా ఒక ముల్లు పైకి నిలుస్తుంది. నేలగుడ్డని, దాని కింది పరుపుని ఒకేసారి పొడుస్తుంది. గాలి నింపే పరుపు వాడేవాళ్ళకి ఒక్క కాయ చాలు రాత్రి పాడవడానికి. కింద పరచడానికి టెంట్ నేలకన్నా రెండంగుళాలు చిన్నదైన పలచటి ప్లాస్టిక్ పట్టా తీసుకెళ్ళండి. పెద్దదైతే అంచు మీద పడ్డ మంచునీళ్ళు టెంట్ కిందకే చేరతాయి.

ఇసుకలో బిగించడం

టెంట్‌తో పాటు ఇచ్చే సన్న తీగ మేకులు ఒండ్రు మట్టిలో పర్వాలేదు. ఫిబ్రవరికి గట్టుమట్టి రాయిలా అయిపోతుంది, అప్పుడు అవే వంగిపోతాయి. రెండు మూడు గట్టి మేకులు విడిగా కొనుక్కోండి. మేకుని టెంట్‌కి అవతలి వైపు వాల్చి కొట్టాలి, తాడుకీ మేకుకీ మధ్య మూల మట్టంలా ఉండేలా.

ఇసుకలో ఏ మేకూ పనికిరాదు. ఇలా చేయండి. రాలిన కొబ్బరి మట్ట మొదలు నుంచి అడుగు పొడవు ముక్క నాలుగు తీసుకోండి, లేదా ఆ పొడవు కర్రముక్కలు. మోచెయ్యి లోతు గుంట తీయండి. తాడుని ముక్క నడుముకి ఒక చుట్టు తిప్పి రెండు కొసలూ పైకి తెచ్చి కట్టండి, ముక్క మీదే ముడి వేయకండి. ముక్కని తాడుకి అడ్డంగా గుంటలో పడుకోబెట్టి ఇసుక కప్పి కాలితో తొక్కండి. తొక్కాక చెంబుడు నీళ్ళు పోయండి, తడి ఇసుక రాయిలా పట్టేస్తుంది. ఇప్పుడు తాడు లాగి చూడండి. మీ ఒంటి బరువుతో లాగినా రాదు. పొద్దున్నే ముడి విప్పి ఒక కొస లాగితే తాడు వచ్చేస్తుంది, మట్ట ముక్క మట్టిలో కలిసిపోతుంది.

గాలి వైపు చూసేటప్పుడు తీరంలో చాలామంది పొరబడతారు. సాయంత్రం సముద్రం నుంచి గాలి బలంగా వీస్తుంది కాబట్టి అటు వీపు పెట్టి వేస్తారు. అర్ధరాత్రి దాటాక ఆ గాలి పడిపోయి, నేల వైపు నుంచి సన్నగా చల్లగాలి మొదలవుతుంది. రెండు వైపులా తాళ్ళు కట్టండి. సన్నగా ఉండే కాళ్ళ వైపుని సముద్రానికి పెట్టి, తల వైపు గాలి కిటికీని నేల వైపు ఉంచితే తెల్లవారుజామున మంచు ఎక్కువ పడే సమయానికి లోపల గాలి ఆడుతుంది.

ఫ్లై అంచు నేలకి ఆనకూడదు. అరచెయ్యి దూరేంత ఖాళీ చుట్టూ ఉండాలి. గాలి కింది నుంచి లోపలికి వచ్చి పైన కిటికీ గుండా పోతేనే ఊపిరి తేమ బయటికి వెళ్ళేది. వాన లేదంటే ఫ్లై తలుపు ఒక రెక్క చుట్టి కట్టేయండి, దోమతెర జిప్ మాత్రం వేసి ఉంచండి.

రాత్రి

చీకటి పడకముందే లోపలికి దూరి జిప్ వేయండి, దోమలు ఎక్కువ లేచే వేళ అది. తిండి టెంట్ లోపల ఉంచకండి. ఆత్రేయపురం పూతరేకుల పొట్లం ఒకటి సంచీలో మరిచిపోయి పడుకుంటే, లేచేసరికి చీమలు ఇన్నర్ కుట్టు వెంట బారు కట్టాయి. మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి దూరంగా కొమ్మకి వేలాడదీయండి. చెప్పులు, బూట్లు మాత్రం లోపలే, ఒక కవర్‌లో. బయట ఉంచితే పొద్దున్నే జెర్రి ఉందేమో అని దులుపుకోవాలి.

తొమ్మిదింటికి ఒకసారి బయటికి వచ్చి తాళ్ళు బిగించండి. అప్పటికే గుడ్డ తడిసి సాగి ఉంటుంది. రాత్రి బయటికి వచ్చినప్పుడల్లా టార్చి నేల మీద వేసి, ఆ తర్వాతే కాలు పెట్టండి. డెల్టాలో కట్లపాము, నాగుపాము, రక్తపింజర మూడూ ఉన్నాయి. కాటు వేస్తే కట్టు కట్టడం, కోయడం వద్దు. కదలకుండా ఉండి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేరడమే. అందుకే మీరు ఎక్కడ పడుకున్నారో ఇంట్లో ఒకరికి లొకేషన్ పంపించి ఉంచండి. వాళ్ళకీ టెన్షన్ తగ్గుతుంది.

జనవరి నుంచి మార్చి మధ్య తీరంలో ఉంటే సముద్రం వైపు లైటు వేయకండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చే రోజులవి. వెలుతురు చూస్తే తల్లి వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది, పిల్లలైతే నీళ్ళ వైపు కాకుండా లైటు వైపు పాకుతాయి.

పొద్దున్నే

లేవగానే ఫ్లైని కదపకండి. ముందు మీ సామాను, దుప్పటి లోపలే సర్దేసి ఇన్నర్ ఖాళీ చేయండి. తర్వాత పాత నూలు తువ్వాలుతో ఫ్లై లోపలి వైపు పై నుంచి కిందకి ఒక్కో పట్టీ తుడవండి. పిండుతూ తుడవండి, గ్లాసుడు నీళ్ళు వస్తాయి. తర్వాత పైవైపు. అప్పుడు ఫ్లై తీసి నాలుగుసార్లు గట్టిగా విదలించండి. దాన్ని ఇన్నర్‌తో కలిపి మడవకండి. తడి గుడ్డ కోసం ఒక కవర్ విడిగా పెట్టుకోండి, లేకపోతే పొడిగా ఉన్న ఇన్నర్ కూడా నానుతుంది. పదింటికి టీ తాగడానికి ఆగిన చోట పరిచి పావుగంట ఆరబెడితే సాయంత్రానికి మళ్ళీ పొడి టెంట్ దొరుకుతుంది. ముళ్ళకంచె మీద వేయకండి. ఎండలో గంటల తరబడి కూడా వదిలేయకండి, ఎండకి నైలాన్ సత్తువ పోతుంది.

కడ్డీల కీళ్ళలో ఇసుక ఉంటే తుడిచి మడవండి. ఇసుక, ఉప్పు జిప్‌ని తినేస్తాయి. పాత టూత్‌బ్రష్ ఒకటి సంచీలో ఉంచుకుంటే జిప్ పళ్ళు శుభ్రం చేసుకోవచ్చు.

దాచడం

మన డెల్టాలో టెంట్‌లు వాడి చిరగడం కన్నా దాచి పాడవడం ఎక్కువ. నీళ్ళు ఆపడానికి గుడ్డకి పూసే పాలీయురెథేన్ పూత తేమలో మెల్లగా విడిపోతుంది. తడిగా మడిచి, రేకుల కప్పు కింద అటక మీద పడేస్తే, జూన్ నుంచి నవంబరు దాకా వేడీ తేమా కలిసి దాని పని పడతాయి. మళ్ళీ తీసేసరికి గుడ్డ పొరలు ఒకదానికొకటి అంటుకుని, విప్పుతుంటే చర్రుమని శబ్దం, పులిసిన వాసన. అలా అయ్యాక బాగుచేయడం లేదు.

ఇంటికి రాగానే మంచినీళ్ళతో తడిపి ఉప్పు పోయేలా కడగండి. తీరం ఊళ్ళ బోరు నీళ్ళు కొన్ని ఉప్పుగానే ఉంటాయి, నాలుక మీద ఒక చుక్క వేసి చూసుకోండి. సబ్బు పొడి వేయకండి, వాషింగ్ మెషీన్‌లో అసలే వేయకండి. నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. పైకి ఆరినట్టుండి కుట్ల దగ్గర, మూలల దగ్గర తేమ నిలుస్తుంది, ఆ చోట్లు వేళ్ళతో నొక్కి చూడండి. పూర్తిగా ఆరాక టెంట్‌తో వచ్చిన బిగుతు సంచీలో కుక్కకండి. పెద్ద దిండు గలీబులో వదులుగా వేసి, గాలి తగిలే గదిలో, ఎలుకలు అందని చోట వేలాడదీయండి. శ్రావణం, భాద్రపదం నెలల్లో ఎండ కాసిన రోజు చూసి ఒకసారి తీసి, నీడలో పరిచి, మళ్ళీ పెట్టండి.

డిసెంబరులో సంచీ సర్దే ముందు ఫ్లై లోపలి వైపు, కుట్ల మీద టేపు వెంట వేలు పెట్టి రాయండి. నున్నగా జారితే బయలుదేరొచ్చు. వేలికి జిగురు తగిలితే ఆ ఏడాది ఇన్నర్ ఒక్కటే పట్టుకుని, కప్పు ఉన్న చోట్ల పడుకోండి.